చిమ్మిలి పెట్టి ఆట మాన్పించారు

నా తప్పుతోనే మొదలుపెడతాను.

2024లో బడులు తెరిచాక, ఉయ్యూరులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో శనివారాలు పిల్లలకు 'మంచి తిండి - మంచి వ్యాయామం' అని తరగతులు నడపమని తెలిసినవాళ్ళు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు మహిళా కళాశాలలో హోంసైన్స్ చెప్పి రిటైరైనదాన్ని. పోషకాహారం నా సబ్జెక్టు. విజయవాడలో బందరు బస్సెక్కితే కంకిపాడు దాటి గంటలో ఉయ్యూరు. చేతిలో చార్టులు, సంచిలో తాడాట తాళ్ళు. ఆ పిల్లలకి లేనిదేదో ఇవ్వడానికి వెళ్తున్నానని గట్టిగా నమ్మాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ ఏడాది మే నెలలోనే భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. వాటిని పిల్లలకి అర్థమయ్యే మాటల్లోకి మార్చాను. కంచం బొమ్మ గీసి అందులో కూరగాయలెంత, పప్పెంత, అన్నమెంత అని రంగులు వేయించాను. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం ఒక కాయితం పంచాను. 'ఈ వారం మా ఇంట్లో వండినవి' అని ఏడు గళ్ళు. కింద 'తల్లి సంతకం'.

మూడో శనివారం ఒకావిడ ఆ కాయితం మడిచి పట్టుకుని బడికి వచ్చింది. నాట్ల నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకి బురద ఇంకా ఆరలేదు.

"మేడంగారూ, ఏడు రోజుల్లో నాలుగు రోజులు పచ్చడే అని మా పిల్ల రాసింది. నిజమే రాసింది. కింద నా చేత ఏలిముద్ర ఎందుకు వేయించుకుంటున్నారు? కూరగాయలకి డబ్బులిచ్చేది నేనా? నా కూలి డబ్బులు కూడా ఆయన చేతికే పోతాయి. ఆయన సంతకానికి ఇందులో గడి లేదేం?"

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ కాయితం తయారు చేసింది నేనే. 'తల్లి సంతకం' అని టైపు చేస్తున్నప్పుడు ఒక్క క్షణం కూడా చెయ్యి ఆగలేదు. పితృస్వామ్యం గురించి సభల్లో మాట్లాడినదాన్ని, 'నీలిమేఘాలు' పుస్తకాన్ని తరగతి గదికి తీసుకెళ్ళి చదివి వినిపించినదాన్ని, పిల్లల కంచంలో కూర లేకపోతే సంజాయిషీ ఇవ్వాల్సింది తల్లి అని నా వేళ్ళు ముందే తీర్మానించేశాయి.

ఈ వ్యాసం ఆవిడ అడిగిన ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ఇవాళ బడుల్లో ఆహారం గురించి, వ్యాయామం గురించి జరుగుతున్న బోధన చాలావరకు ఆ రెండింటి మీదా ఏ అధికారమూ లేనివాళ్ళకి చేస్తున్న బోధన అని నా ఆరోపణ. కంచంలో ఏం పడాలో నిర్ణయించలేని పిల్లకి కంచం బొమ్మ చూపిస్తున్నాం. మైదానంలోకి అడుగు పెట్టనివ్వని పిల్లకి పరుగు లాభాలు చెబుతున్నాం. ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే చివర తినే మనిషి పేరు మీద లోపాల చిట్టా రాస్తున్నాం. డబ్బు, సమయం, స్థలం ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ళని మాత్రం ఒక్క ప్రశ్న అడగడం లేదు.

బడి బయట కిరాణా కొట్లో తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల చిప్స్ పొట్లాల మీద నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఉప్పెంత, నూనె ఎంత అని లెక్కలు కట్టించాను. తర్వాత అడిగితే తెలిసింది, పొద్దున్న అయిదింటికే కూలికి వెళ్ళే తల్లి రాత్రి మిగిలిన అన్నం డబ్బాలో పెట్టి, పిల్ల చేతిలో అయిదు రూపాయలు పెట్టి వెళ్తుంది. అయిదు రూపాయలకి పండు రాదు. పొట్లం వస్తుంది. ఆ తల్లికి లేనిది జ్ఞానం కాదు, పొద్దున్న ఇంకో గంట, చేతిలో ఇంకో పదిహేను రూపాయలు. ఆ రెండూ నా చార్టులో లేవు.

తీపి తగ్గించమని కూడా చెప్పాను. ఉయ్యూరులో! వెలగపూడి రామకృష్ణగారు 1941లో పెట్టిన కె.సి.పి. సంస్థ చక్కెర ఫ్యాక్టరీతోనే ఈ ఊరి పేరు నాలుగు జిల్లాలకి తెలిసింది. చెరకు నరికిన కుటుంబాల పిల్లలకి చక్కెర వల్ల కలిగే నష్టాలు చెప్పి వచ్చాను కానీ, చెరకు నరికే ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా కూలి ఎందుకు ఇవ్వలేదని ఆ తరగతిలో అడగలేదు. అది పోషకాహారం సిలబస్‌లో రాదనుకున్నాను. ఇప్పుడు అదే మొదటి పాఠం అనిపిస్తోంది.

కంచం దగ్గరికి వద్దాం. ఇంట్లో కోడికూర వండిన రోజు ఎవరికి ఏ ముక్క వస్తుందో బొమ్మ గీయమన్నాను. ఆడపిల్లలందరూ దాదాపు ఒకే బొమ్మ గీశారు. కాళ్ళు నాన్నకి, అన్నకి. తమకి మెడ, రెక్క. అమ్మ కంచంలో పులుసు. ఒక్కరూ దాన్ని ఫిర్యాదులా గీయలేదు. సూర్యుడు తూర్పున ఉదయించినట్టు గీశారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగపిల్లల్లో 31.1 శాతం. నెలసరి రక్తస్రావం అందుకు ఒక కారణమే, కాదనను. కానీ ఒంట్లోంచి పోయేదాన్ని పూడ్చే తిండి పెట్టకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. బడిలో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు, మంచిదే. ఆ మాత్ర మింగిన పిల్ల ఇంటికెళ్ళి మళ్ళీ చివరి బంతిలో కూర్చుంటుంది.

అందుకే మధ్యాహ్న భోజనంలో వారానికి కొన్నిసార్లు వచ్చే ఆ ఉడికించిన గుడ్డంటే నాకు అంత గౌరవం. అన్నతో, తమ్ముడితో సరిసమానంగా ఆడపిల్ల కంచంలో గుడ్డు పడే చోటు చాలా ఇళ్ళల్లో ఇల్లు కాదు, బడి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకి వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించాక, మన రాష్ట్రంలో 2003 జనవరిలో ఆ పథకం మొదలైంది. పోషకాహారం గురించి నేను చెప్పిన అన్ని పాఠాల కంటే ఆ ఒక్క గుడ్డు ఎక్కువ పాఠం చెప్పింది. ఎందుకంటే అది ఉపదేశం కాదు, వాటా.

ఇక ఈ వ్యాసానికి పేరు ఇచ్చిన సంగతి.

మా కృష్ణా జిల్లాలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఏం పెడతారో చాలామందికి తెలుసు. కొత్త చాప వేసి ఓ మూల కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, నేతి సున్నుండలు, పులగం, ఎండుకొబ్బరి. అమ్మమ్మ, మేనత్త, ఇరుగుపొరుగు పోటీలు పడి తెచ్చిపెడతారు. నా సబ్జెక్టు ప్రకారం వంక పెట్టడానికి లేదు. నువ్వుల్లో ఇనుము, కాల్షియం ఉన్నాయి. మినుముల్లో మాంసకృత్తులు ఉన్నాయి. పెరిగే ఒంటికి కావలసినవే. అంటే ఆడపిల్లకి ఏం తిండి కావాలో మన ఇళ్ళకి తెలుసు! తెలియకపోవడం అనే సాకు ఇక్కడ చెల్లదు. మరి ఆ తిండి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు ఎందుకు పెట్టలేదు? ఫంక్షను అయిన మర్నాటి నుంచి ఎందుకు ఆగిపోయింది?

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఈ సంగతి నాకు రెండు ముక్కల్లో చెప్పింది. ఏడో తరగతి దాకా ఖోఖోలో దాన్ని పట్టుకునేవాళ్ళు లేరని తోటిపిల్లలు చెప్పారు. ఇప్పుడు వరండాలో కూర్చుని వాళ్ళ స్కోరు రాస్తోంది. "ఏమ్మా, నువ్వు ఆడవా?" అంటే, "చిమ్మిలి పెట్టారండీ. ఇంక ఆడొద్దన్నారు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఒకటి స్పష్టమైంది. ఆ చిమ్మిలి ఆ పిల్ల కోసం పెట్టింది కాదు. రేపు కనబోయే గర్భం కోసం పెట్టింది. అందుకే ఆ తిండీ, ఆ కట్టడీ ఒకే రోజున ఒకే చేత్తో వస్తాయి. ఇందులో అమ్మమ్మలని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. 'నేటి బాలికే రేపటి తల్లి' అని గోడల మీద రాయించింది మన శాఖలే. దాన్ని పరీక్షలో ప్రశ్నగా ఇచ్చింది నాలాంటి లెక్చరర్లే. పదమూడేళ్ళ పిల్ల ఆరోగ్యంగా ఉండటానికి అది పదమూడేళ్ళ పిల్ల కావడం ఒక్కటే చాలదా? దాని ఒంటికి దాని పరుగే కారణం కాకూడదా?

వ్యాయామం సంగతి చూద్దాం. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున గంట సేపు ఒళ్ళు కదిలేలా, ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 146 దేశాల లెక్కలతో ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 2016 నాటికి 11-17 ఏళ్ళ ఆడపిల్లల్లో 85 శాతం, మగపిల్లల్లో 78 శాతం అంత కదలడం లేదని తేలింది. ఇందులో మనం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఆడపిల్లల విషయంలో భారత్, బంగ్లాదేశ్‌లు చాలా దేశాల కంటే మెరుగ్గా కనిపించాయి. కారణం ఏమై ఉండొచ్చంటే, ఇక్కడ ఆడపిల్లలు ఇంటి పని ఎక్కువ చేస్తారు కాబట్టి అన్నారు! బిందెలు మొయ్యడం, ఇల్లూ వాకిలీ ఊడవడం, అంట్లు తోమడం ఇక్కడ వ్యాయామం కిందికి వచ్చేసింది. మన పిల్లల చాకిరీ ప్రపంచ పట్టికలో మనకి మంచి మార్కులు తెచ్చిపెట్టింది. ఇంతకంటే చేదు జోకు నేను వినలేదు. పనిలో అలసిపోవడం, ఆటలో అలసిపోవడం ఒకటి కావు. ఆటలో పిల్ల తన ఒంటిని తన కోసం వాడుకుంటుంది. కేలరీలు లెక్కపెట్టే యంత్రానికి ఆ తేడా తెలియదు, మనకి తెలియాలి.

మన ఆటల్నే గుర్తు చేసుకోండి. చెమ్మచెక్క, అచ్చంగాయలు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ. గజం నేల చాలు, అరుగు చాలు. బిళ్ళంగోడుకి, కబడ్డీకి, క్రికెట్‌కి మాత్రం ఊరి మైదానం అంతా కావాలి. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో ఏ కాయితంలోనూ లేదు గానీ, ఆ బడి మైదానంలో అది నా కళ్ళకి కట్టింది. ఆటల పీరియడ్ గంట కొట్టగానే మగపిల్లలు మధ్యలోకి పరిగెడతారు. ఆడపిల్లలు గోడ పక్కన చెట్టు నీడలోకి నడుస్తారు. నేను తాళ్ళు పంచితే, ఒక చేత్తో చున్నీ పట్టుకుని ఎగరడానికి ప్రయత్నించారు. ఒక చెయ్యి ఖాళీ లేకుండా తాడాట ఎలా ఆడతారు? గోడ మీద కూర్చున్న పెద్ద కుర్రాళ్ళు ఈలలు వేశారు. అప్పుడు బడివాళ్ళు ఏం చేశారో తెలుసా? కుర్రాళ్ళని గోడ దింపలేదు. ఆడపిల్లల్ని తరగతి గదిలోకి పంపి కిటికీలు వేసి, "ఇక్కడ చేయించండి మేడం, ఇబ్బంది ఉండదు" అన్నారు. నేనూ చేయించాను, రెండు వారాలు! బెంచీల మధ్య నిలబడి చేతులు పైకీ కిందికీ. అది నా రెండో తప్పు.

2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం తెస్తే సంబరపడ్డాం. 2025 నవంబరులో మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉందని మురిసిపోయాం. కప్పు గెలిచిన అమ్మాయి మనందరి అమ్మాయి. మన ఇంట్లో అమ్మాయి మాత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలంది. ఆ మరుగుదొడ్డిలో నీళ్ళు రావు కాబట్టి పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా బిగపట్టుకునే పిల్లకి 'రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు' అని చార్టు చూపించినదాన్ని నేను. ప్రైవేటు బడుల సంగతి ఇంకో వ్యాసం అవుతుంది. విజయవాడ చుట్టూ మేడల మీద మేడలు కట్టి ర్యాంకులు పండించే చోట్ల, మగపిల్లలకీ మైదానం లేదు. సమానత్వం అంటే అదేనేమో!

ఇప్పుడు ఆ భోజనం వండే ఆడవాళ్ళ గురించి. ఆ బడి వంటపాకలో ఇద్దరున్నారు. పిల్లల పోషకాహారం గురించి ఆ ఆవరణలో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు వాళ్ళే. ఏ పిల్ల అన్నం వదిలేస్తుందో, ఏ పిల్లాడు సోమవారం రెండుసార్లు పెట్టించుకుంటాడో, అంటే ఆదివారం వాళ్ళింట్లో ఏం జరిగి ఉంటుందో వాళ్ళకి తెలుసు. నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 700 కేలరీలు, 20 గ్రాములు అందాలి. ఆ అంకెల్ని కట్టెల పొగలో అన్నంగా మార్చేది వాళ్ళు. వాళ్ళకి 2009 డిసెంబరు నుంచి కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

ఈ పథకం పేర్లు చూడండి. 2020లో గోరుముద్ద అన్నారు. 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చిన వారందరికీ వండిపెట్టిన ఆ తల్లి అంటే నాకూ భక్తే. కానీ ప్రభుత్వం ఏదైనా, వంటని తల్లి ప్రేమగా, పుణ్యంగా పిలుస్తుంది. ఎందుకంటే ప్రేమకి కనీస వేతనం ఉండదు. పుణ్యానికి పింఛను ఉండదు. మన సాహిత్యం కూడా అమ్మ చేతి ముద్ద రుచిని ఎంత పొగిడిందో, ఆ చేతికి కాలిన మచ్చల్ని అంత తక్కువ చూసింది. వంటిల్లు గురించి మన కవులు రాసే దాకా ఆ పొగ ఎవరికీ కళ్ళల్లో మండలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే. దళితులకీ ఆదివాసులకీ వంటవాళ్ళుగా ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆ తర్వాత కొన్ని ఇళ్ళ నుంచి పిల్లల చేతికి క్యారేజీలు రావడం మొదలైంది. పిల్లల తిండి గురించి మాట్లాడుతూ ఆ క్యారేజీ గురించి మాట్లాడకపోతే మనం చెప్పేది పోషకాహారం కాదు, మర్యాద.

'పాతకాలం తిండికి వెళ్ళిపోదాం' అనే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు, ఆ ఏడాదే మన బడుల్లో రాగిజావ వచ్చింది. రాగిజావ మంచిదే, పిల్లలు తాగారు. కానీ 'మన అమ్మమ్మలు దంపుడు బియ్యం తిన్నారు, అందుకే గట్టిగా ఉన్నారు' అనేవాళ్ళని నేనొకటి అడుగుతాను. దంచింది ఎవరు? తెల్లవారుజామున రోకలి పట్టుకున్న భుజాలు ఎవరివి? మిల్లు వచ్చి బియ్యంలో తవుడు పోయింది, నిజమే. ఆడవాళ్ళ భుజాలకి కాస్త విశ్రాంతి కూడా వచ్చింది. ఆ తవుడు తిరిగి కావాలంటే రోకలి ఈసారి ఎవరు పట్టుకుంటారో ముందు తేల్చండి.

అయితే ఈ తరగతులు వద్దంటావా అని అడుగుతారు. వద్దనడం లేదు. మనిషి మారాలి, పాఠం మారాలి అంటున్నాను.

నేను మార్చినవి కొన్ని చెబుతాను. సంతకాల కాయితం చించేశాను. దాని బదులు పిల్లలు ఒక వారం పాటు ఇంట్లో గమనించి రమ్మన్నాను. ముందు ఎవరు తిన్నారు, చివర ఎవరు తిన్నారు, కంచాలు ఎవరు కడిగారు, కూరగాయల డబ్బు ఎవరి జేబులో ఉంది. ఇంటికి కాయితం పంపలేదు, ఎవరి పేర్లూ బయట పెట్టలేదు. "మా అమ్మ ఎప్పుడు తింటదో నేనెప్పుడూ చూళ్ళేదండీ" అన్నాడు తొమ్మిదో తరగతి పిల్లాడు. పై శనివారం వచ్చి, "చూశానండీ. పదిన్నరకి. పొయ్యి దగ్గర నుంచునే తింది" అన్నాడు. అంతే అన్నాడు. ఆ తర్వాత ఆ తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వంటపాకలో ఇద్దరినీ కుర్చీలు వేసి కూర్చోబెట్టి రెండు శనివారాలు వాళ్ళ చేతే పాఠం చెప్పించాను. మగపిల్లలు పప్పు కడిగారు, గుడ్లు వొలిచారు. మా వాడి చేత ఆడపని చేయిస్తారా అని ఒక తండ్రి బడికి వచ్చాడు. తల్లి సంతకానికి రాని మనిషి దీనికి వచ్చాడు. నాకు సంతోషమే వేసింది, కనీసం ఒక తండ్రితో మాట్లాడే అవకాశం దొరికింది కదా.

ఆటల పీరియడ్‌లో సగం మైదానం ఆడపిల్లలకి ముగ్గుపిండితో గీత గీసి ఇచ్చాం. మొదట్లో చాలామంది వచ్చారు. తర్వాత తగ్గారు. ఇప్పుడు కొందరు చున్నీ నడుముకి బిగించి ఆడుతున్నారు. స్కోరు రాసే ఆ పిల్ల మాత్రం గీత దాటలేదు. వాళ్ళన్న అదే బడిలో పదో తరగతి.

అందుకని మీతో, ఈ పత్రిక చదివే నా తోటి రచయిత్రులతో, అధ్యాపకులతో నా పేచీ ఇది. పోషకాహారం మనకి చిన్న విషయంగా, హోంసైన్స్ వాళ్ళ విషయంగా కనిపిస్తోంది. మన సదస్సుల్లో శరీరం గురించి ఎన్నో పత్రాలు చదువుకున్నాం. పదమూడేళ్ళ పిల్ల శరీరానికి రోజుకి ఒక గంట, సగం మైదానం, ఒక గుడ్డు కావాలనే డిమాండును మనం ఎప్పుడు చేశాం? బడుల్లో తరగతులకి పిలిస్తే వెళ్ళండి. కానీ ముందు తండ్రుల సమావేశం పెట్టమనండి. వంటవాళ్ళకి జీతం ఇమ్మని రాయండి. కిటికీలు వేసిన గదిలో వ్యాయామం చేయించమంటే చేయించనని చెప్పండి, నేను ఆ రెండు వారాలు చెప్పలేకపోయాను.

ఆ బురదకాళ్ళావిడ మళ్ళీ కనపడింది, బస్టాండులో. "ఆయన సంతకం పెట్టించారా మేడంగారూ?" అని నవ్వింది. ఇంకా లేదని చెప్పాను.